సగం అల్లి వదిలేసిన పాత బేబీ దుప్పటి దొరికింది, ఇప్పుడు పూర్తి చేసి చెల్లి డెలివరీకి పంపొచ్చా?

సగంఅల్లిక (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఉద్యోగం వల్ల ఢిల్లీలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అక్కడ చలికాలం వచ్చిందంటే మధ్యాహ్నం పూట ఆడవాళ్ళందరూ ఎండలో మంచాలేసుకుని స్వెట్టర్లు అల్లుతూ కూర్చుంటారు కదా, పక్కింటి పంజాబీ ఆంటీ నా చేతిలో కూడా సూదులు పెట్టి సీదా ఉల్టా (మామూలు కుట్టు, తిరగేసిన కుట్టు) సీదా ఉల్టా అంటూ నేర్పేసింది. హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఇక్కడ స్వెట్టర్లు ఎవరికి కావాలి, అన్నీ ట్రంకుపెట్టెలోకి పోయాయి.

మొన్న దసరా కోసం ఇల్లు దులుపుతుంటే ఆ పెట్టె దిగింది. లోపల మూడు ఉన్నాయి. మా పాప కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టిన బేబీ దుప్పటి, లేత పసుపు, అడ్డం 60 సెంటీమీటర్లు ఉంది, ఎత్తు 20 దగ్గర ఆగిపోయింది, ఇంకా సూది మీదే ఉంది. పాప ఇప్పుడు ఆరో క్లాసు అనుకోండి. రెండోది మా ఆయన స్వెట్టర్, వీపు భాగం అయిపోయింది, ముందు భాగం చంకల దాకా వచ్చింది, ఆయన మాత్రం ఆ సైజు దాటి చాలా దూరం వచ్చేశారు. మూడోది క్రోషియాతో టీపాయ్ మీదకి మొదలుపెట్టిన గుండ్రటిది, దాని పుస్తకం ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

విషయం ఏంటంటే మా చెల్లికి నవంబర్ చివర్లో డెలివరీ, షికాగోలో ఉంటారు, మా అమ్మ నవంబర్ మొదట్లో వెళ్తోంది. అమ్మ సూట్‌కేసులో నా చేత్తో అల్లింది ఒకటి పెట్టి పంపాలని ఆశ. ఆ దుప్పటి పూర్తి చేసి ఇస్తే బాగుంటుంది కదా అనిపించింది. కానీ అదే ఊలు ఒకటిన్నర ఉండ మాత్రమే ఉంది, లేబుల్ లేదు, ఏ ఊలో కూడా గుర్తులేదు, కలరా ఉండల వాసన గుప్పుమంటోంది, పైగా చేతికి అలవాటు తప్పింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పండి. బిడ్డ పుట్టకముందే రెడీ చేసి పెట్టకూడదని అమ్మ అంటోంది, అది వేరే గొడవ.


ఊలుపిచ్చి (వైజాగ్):

చెల్లీ, ముందు ఆ సూది తల మీద నంబర్ చూడు. మన దగ్గర దొరికే సూదులకి పాత ఇంగ్లండు నంబర్లు ఉంటాయి, 8 అంటే 4 మిల్లీమీటర్లు, 9 అంటే 3.75, 10 అంటే 3.25, నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నంబర్ అరిగిపోయుంటే స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టి రాసుకో. తర్వాత నీ దగ్గరున్న ఊలుతోనే ఒక చిన్న ముక్క అల్లి అదే లెక్క వస్తుందో లేదో చూడు. రావడం లేదంటే తప్పేం లేదు, అప్పటి చెయ్యి బిగువు వేరు ఇప్పటి చెయ్యి బిగువు వేరు, సూది ఒక సైజు మార్చుకుంటే సరిపోతుంది. ఈ పని చెయ్యకుండా నేరుగా కొనసాగించావంటే పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య గీత గీసినట్టు కనపడుతుంది, ఎంత ఉతికినా పోదు.

ఇంకోటి, అన్నేళ్ళు సూది మీద ఉన్న వరస సాగిపోయి ఉంటుంది, స్టీలు సూది అయితే తుప్పు మరక కూడా పడి ఉండొచ్చు. పై రెండు మూడు వరసలు విప్పెయ్యి. విప్పే ముందు ఒక మొద్దు సూదిలో వేరే రంగు నూలుదారం ఎక్కించి కింద వరసలో ప్రతి కుట్టులోంచీ దూర్చి ఉంచు, అప్పుడు కుట్టు జారినా ఆ దారం దగ్గర ఆగిపోతుంది. వరస మధ్యలో ఆపావా చివర ఆపావా అన్నది ఉండకి వెళ్ళే దారం చూస్తే తెలిసిపోతుంది, రెండు సూదుల మీదా కుట్లు ఉంటే దారం వేలాడే సూది కుడిచేతిలోకి రావాలి.

ఏ ఊలో తెలియాలంటే చిన్న ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని సింకు మీద అగ్గిపుల్లతో కాల్చు. జుట్టు కాలిన వాసన వచ్చి నలిపితే బూడిదైతే అసలు ఊలు. కరిగి గట్టి నల్ల పూసలా అయితే అక్రిలిక్. రెండూ కలిసి జరిగితే మిక్సు. అసలు ఊలైతే వెలుతురుకి ఎత్తి పట్టుకుని పురుగు కొట్టిందేమో కూడా చూసుకో.


కరీంనగర్_అక్క:

చెల్లె, అల్లిక గురించి నాకు పెద్దగ తెల్వదు, కానీ నేను పిల్లల వార్డుల నర్సుగా చేస్తున్న కాబట్టి ఒక్క మాట చెప్త. ఆ కలరా ఉండల సంగతి తేలిగ్గ తీస్కోకు. కలరా ఉండలల్ల ఎక్కువ నాఫ్తలీనే ఉంటది. జీ6పీడీ లోపం అని ఒకటి ఉంటది, పుట్టుకతోనే వస్తది, మగపిల్లలల్ల ఎక్కువ. ఆ లోపం ఉన్న పసిపిల్లకి నాఫ్తలీన్ తగిలితే, వాసన పీల్చినా సరే, ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు బాగ ముదురుతయ్. పెట్టెల దాచిన పాత బట్టలు దుప్పట్లు ఉతకకుండ కప్పితే ఇట్ల అయితదని మాకు ట్రైనింగులనే చెప్తరు. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో పుట్టకముందు ఎవరికి తెలుస్తది?

అందుకే ఆ దుప్పటి, ఆ ఊలు రెండూ ఉతికి, రోజుల తరబడి గాలికి ఆరెయ్యి. వాసన సుతం లేకుండ పోతేనే ఆలోచించు. నన్నడిగితె పసిబిడ్డకి మాత్రం కొత్త ఊలే కొను. ఇగ నుంచి పెట్టెల వేపాకు ఎండబెట్టి వేస్కో, లేకుంటె ప్లాస్టిక్ కవర్ల గట్టిగ మూటగట్టు.


మంచుదేశంలో_మనోడు (మినియాపొలిస్):

నేను మగాణ్ణే, నవ్వొద్దు 😀 ఇక్కడ చలికాలంలో ఇంట్లోంచి బయటికి పోబుద్ధి కాక నేర్చుకున్నా, ఇప్పుడు మీటింగుల్లో కెమెరా కింద అల్లుతుంటా.

ఇచ్చే ముందు వాళ్ళు అక్కడ దాన్ని ఎలా వాడతారు అన్నది ఆలోచించండి. ఇక్కడ డాక్టర్లు ఏడాది నిండేదాకా ఉయ్యాల్లో, అంటే క్రిబ్‌లో, దుప్పటి దిండు బొమ్మ ఏదీ వదులుగా పెట్టొద్దంటారు, హాస్పిటల్లోనే చెప్పి పంపిస్తారు. కాబట్టి పడుకోబెట్టేటప్పుడు కప్పడానికి అని ఇస్తే అది అల్మారాలోకి పోతుంది. అలా అని దుప్పటి దండగ అని కాదు. కారు సీటులో బిడ్డకి లావు జాకెట్ వేసి బెల్టు పెట్టకూడదు, యాక్సిడెంట్ అయితే జాకెట్ నొక్కుకుపోయి బెల్టు వదులైపోతుంది. మామూలు బట్టలతోనే బెల్టు బిగించి, దాని పైన దుప్పటి కప్పాలి, మొహం మీదకి రాకుండా. డిసెంబర్ జనవరిలో షికాగోలో సున్నా కిందే ఉంటుంది కదా, పార్కింగు నుంచి డాక్టర్ దగ్గరికి వెళ్ళే ఆ రెండు నిమిషాలకి ఇది బంగారం. సైజు 75 బై 75 సెంటీమీటర్లు చాలు, అంతకన్నా పెద్దదైతే కింద వేలాడి తొక్కుతాం.

రెండోది ఉతుకుడు. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంట్లో చేత్తో ఎవరూ ఉతకరు, మీ చెల్లి మీద ఎంత ప్రేమున్నా సరే, అది వాషర్లోకి అక్కడినుంచి డ్రయర్లోకి పోతుంది. సూపర్‌వాష్ (మెషిన్లో ఉతకొచ్చని గుర్తు) అని రాయని అసలు ఊలైతే వేడి నీళ్ళకి ముడుచుకుపోయి కంబళి ముక్క అయి బయటికొస్తుంది. అక్రిలిక్ గానీ కాటన్ కలిసింది గానీ వాడండి.

ఇంకోటి యూట్యూబ్ చూసి అల్లేవాళ్ళకి. వీడియోల్లో అమెరికా వాళ్ళు 8 నంబర్ సూది అంటే అది అమెరికా నంబర్, 5 మిల్లీమీటర్లు. వైజాగ్ పిన్నిగారు చెప్పిన 8 ఏమో 4. ఇక్కడ నంబర్ పెరిగితే సూది లావవుతుంది, అక్కడ ఉల్టా. మిల్లీమీటర్లే చూసుకోండి, గొడవుండదు.


గోదారిగట్టు:

ఏవండీ అందరూ ఊలు ఊలు అంటున్నారు గానీ ఆ టీపాయ్ గుడ్డని ఎవరూ పట్టించుకోలేదేంటండీ 😄 మాది నరసాపురం దగ్గర, మా వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతూనే ఉంటారు, మా అమ్మమ్మ చూడకుండా అల్లేది, కబుర్లు ఒక పక్క చెయ్యి ఒక పక్క. 2024లో మా నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు కూడా వచ్చిందండోయ్. గుర్తింపు సంగతి అలా ఉంచితే అల్లేవాళ్ళకి ముట్టే డబ్బులు ఇప్పటికీ అంతంతమాత్రమే అనుకోండి, అది ఇక్కడ టాపిక్ కాదు.

క్రోషియా పనికి పుస్తకం పోయినా పర్లేదండి. ఊలు అల్లికలా కాదు, ఇందులో సూది మీద ఉండేది ఒక్క కుట్టే, మిగతాదంతా ఎదురుగా కనపడుతుంది. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, ఒక గడి లెక్క తెలిస్తే చుట్టూ అదే రిపీట్ అవుతుంది. గుండ్రటిది ఏ రౌండు దగ్గరైనా ఆపి చివర ఒక పూల అంచు వేసేస్తే అక్కడికి అదే పూర్తయినట్టు, టీపాయ్‌కి సరిపోకపోతే దేవుడి దగ్గర పీట మీదకి.

బిడ్డ దుప్పటికి మాత్రం పెద్ద పెద్ద చిల్లుల డిజైన్ వద్దండి. పసిపిల్లల వేళ్ళు ఆ కన్నాల్లో ఇరుక్కుంటాయి, దారం చుట్టుకుంటే తెలియదు. పూసలు గుండీలు రిబ్బన్లు కూడా వద్దు. మీకు అందం కావాలంటే అంచుకి సన్న కాటన్ దారంతో చిన్న లేసు వేయండి, దుప్పటి పక్క అంచుల్లో రెండు వరసలకి ఒక కుట్టు చొప్పున తీసుకుంటే లాగకుండా మడతపడకుండా చదునుగా కూర్చుంటుంది.

మీ అమ్మగారి మాట గురించి. మా ఇళ్ళల్లోనూ అంతేనండి, పుట్టకముందు ఏదీ కొనరు. మా పెద్దమ్మ అల్లేసి చివరి వరస మాత్రం ఆపేసి ఉంచేది, బిడ్డ పుట్టిన కబురొచ్చాక అది మూసేది. మీ అమ్మగారికి చెప్పి చూడండి, అక్కడికి వెళ్ళి ఆ ఒక్క వరసా ఆవిడే మూసేసి 21వ రోజు బారసాలకి కప్పుతారు.


సగంఅల్లిక (హైదరాబాద్):

అబ్బా ఇంతమంది ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. చెప్పినవన్నీ చేశాను. కాల్చి చూస్తే నల్ల పూస అయింది, కంపు కూడా ప్లాస్టిక్ కంపే, అంటే అక్రిలిక్. సూది 8 నంబర్. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 40 వరసలు. రెండు వైపులా సీదాయే అల్లాను కాబట్టి డిజైన్ గొడవ లేదు. కిచెన్ త్రాసు మీద పెడితే అల్లిన ముక్క 65 గ్రాములు, మిగిలిన ఊలు 70 చిల్లర. అదే కంపెనీ అనుకున్న పసుపు ఒక షాపులో చూశాను గానీ పక్కన పెడితే కొంచెం తేడా కొడుతోంది. అమ్మకి ఆ చివరి వరస ఐడియా తెగ నచ్చింది, ఇప్పుడు ఆవిడే తొందర పెడుతోంది.

కరీంనగర్ అక్కా మీ మెసేజ్ చదివాక భయమేసింది. అసలు ఎవరూ ఇలా చెప్పలేదు ఇన్నాళ్ళు. ఉతికి డాబా మీద ఆరేశాను, వాసన బాగా తగ్గింది గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఉంది.

ఇప్పుడు నా డౌటు, ఇదే పూర్తి చెయ్యాలా, కొత్తది మొదలుపెట్టాలా, అసలు టైమ్ సరిపోతుందా?


లెక్కలటీచర్ (గుంటూరు):

మీరు కొలతలు ఇచ్చారు కాబట్టి నాకు చెయ్యి ఊరుకోలేదు. మీ ముక్కలో 120 కుట్లు, 80 వరసలు ఉన్నాయి. చదరం చెయ్యాలంటే 240 వరసలు కావాలి, అంటే ఇంకా 160, కుట్లు 19,200. నిమిషానికి పాతిక కుట్లు వేసుకున్నా దాదాపు 13 గంటలు. ఊలు ఇంకా 130 గ్రాములు కావాలి, ఉన్నది 70. అంటే వేరే లాట్, అంటే వేరే విడతలో రంగు వేసిన ఊలు కలపక తప్పదు, కలిపితే రెండు వరసలు పాతది రెండు వరసలు కొత్తది మార్చి మార్చి అల్లితే తేడా అంతగా కొట్టదు.

కొత్తది మనోడుగారు చెప్పిన 75 సెంటీమీటర్ల సైజులో అయితే 150 కుట్లు, 300 వరసలు, మొత్తం 45,000 కుట్లు, 30 గంటల పని. ఊలు మీ బరువు లెక్కన 305 గ్రాములు వస్తుంది, 350 కొనండి, అన్నీ ఒకే లాట్ నంబరు చూసి ఒకేసారి కొనండి. రోజుకి గంటంటే నెల. మధ్యలో దసరా, దీపావళి, పిల్లల పరీక్షలు, చుట్టాలు. గట్టిగా కూర్చుంటే అవుతుంది, ఒక్క వారం పోయినా కష్టం. కొంచెం లావు ఊలు, 5 మిల్లీమీటర్ల సూది తీసుకుంటే గంటలు బాగా తగ్గుతాయి, అది మీ ఇష్టం.


ఊలుపిచ్చి (వైజాగ్):

మాస్టారు లెక్క కరెక్టు. అయితే నా మాట విను చెల్లీ, మొదలుపెట్టాం కదా అని దుప్పటి గానే పూర్తి చెయ్యాలని ఎవరు రాశారు? నీ దగ్గరున్నది అడ్డం 60, ఎత్తు 20. దాని కుట్లు అక్కడికక్కడ మూసేసి రెండు పక్కలూ కలిపి కుట్టావనుకో, మెడకి వేసుకునే గొట్టం మఫ్లర్ అయిపోయింది. తల లోంచి హాయిగా దూరుతుంది, చలిలో చెవుల దాకా లాక్కోవచ్చు. మొదటిసారి మంచులోకి వెళ్తున్న మీ అమ్మగారి మెడలో వెయ్యి. ఆవిడ బయటికి వెళ్ళేటప్పుడు వేసుకుంటారు, ఇంట్లో బిడ్డనెత్తుకున్నప్పుడు తీసేస్తారు, కరీంనగర్ అమ్మాయి చెప్పిన భయం కూడా తగ్గుతుంది. వాసన పూర్తిగా పోయాకే ఇవ్వు అది వేరే చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం పని ఇది.

విప్పి కొత్తగా అల్లుదామని మాత్రం అనుకోకు, నాకు తెలుసు అలాంటి ఆలోచన వస్తుందని. అసలు ఊలైతే విప్పి చిలపలా, అంటే పెద్ద వలయంలా చుట్టి నాలుగు చోట్ల కట్టి గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే ఆ వంకర్లు పోతాయి, అక్రిలిక్‌కి అంత బాగా పోవు. ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టిద్దామనుకుంటే అది మెత్తబడి వేలాడిపోతుంది, మళ్ళీ మామూలు కాదు.


కరీంనగర్_అక్క:

గిది మంచిగుంది. అమ్మకి పాతది, బిడ్డకి కొత్తది.


సగంఅల్లిక (హైదరాబాద్):

పిన్నిగారూ మీకు దణ్ణం. ఇది నాకు అస్సలు తట్టలేదు, ఇన్నాళ్ళూ దాన్ని దుప్పటి దుప్పటి అనే చూస్తున్నా. సరే అయితే అమ్మకి మఫ్లర్. బిడ్డకి కొత్త ఊలు లావుది తెస్తాను, 5 మిల్లీమీటర్ల సూదితో కారు సీటు దుప్పటి. ఒకవేళ అది టైమ్‌కి అవ్వకపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, ముందు ఒక చిన్న టోపీ అల్లేసి పెట్టుకుందామనుకుంటున్నా. టోపీ ఎంత సైజు అల్లాలి? మఫ్లర్ కుట్లు మూసేటప్పుడు బిగిసిపోకుండా ఎలా?

మా ఆయన స్వెట్టర్ గురించి ఎవరూ అడక్కండి.


మంచుదేశంలో_మనోడు (మినియాపొలిస్):

టోపీకి పుట్టినప్పటి కొలత తీసుకోకండి. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆర్నెల్లకి 43 అవుతుంది, మీరు 35కి అల్లితే పొట్లం విప్పేసరికే చిన్నదైపోతుంది. జనవరి ఫిబ్రవరికి 40 వస్తుందనుకుని 36, 37కి అల్లండి, సాగుతుంది కాబట్టి అప్పటిదాకా పడుతుంది. పాతదంత లావున్న కొత్త ఊలు, మీ 8 నంబర్ సూదితో అయితే 72 కుట్లు ఎక్కించండి, కింద అంచు మాత్రం రెండు సీదా రెండు ఉల్టా. బయటికి తీసుకెళ్ళేటప్పుడే పెట్టమనండి, ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ వద్దు.


గోదారిగట్టు:

టోపీ మీద పెద్ద ఊలు బంతి పెట్టకండే, ఆ వయసుకి లాగి నోట్లో పెట్టుకుంటారు.


ఊలుపిచ్చి (వైజాగ్):

కుట్లు మూసేటప్పుడు కుడిచేతిలో లావు సూది పట్టుకో, 6 నంబర్ ఉంటే అది, అంటే 5 మిల్లీమీటర్లు. ఎడమచేతి సూది పాతదే. ప్రతి కుట్టూ మూశాక కొంచెం పైకి లాగి వదులు చేస్తూ పో. పక్కలు కలపడానికి అదే ఊలు వాడు, రెండు అంచులూ పక్కపక్కనే పెట్టి అటు అంచు ముడిలోంచి ఒకటి ఇటు అంచు ముడిలోంచి ఒకటి పట్టుకుంటూ కుట్టు, ఒకదాని మీద ఒకటి పెట్టి కుడితే లోపల లావుగా తగిలి మెడకి గుచ్చుకుంటుంది. పూర్తయ్యాక ఫోటో పెట్టు, అమ్మగారికి నచ్చితే ఆవిడ మెడలో ఉన్న ఫోటో పెట్టు, మొహం కనపడక్కర్లేదులే.